ఐదు బెల్జియం సీసాలు, ఒక మామగారి ముక్కు

ఆ రోజుల్లో అమెరికాలో, మోరిస్‌విల్‌ అనే ఊళ్లో మా వాళ్లెవరి నోటా "నాకు తెలియదు" అనే మాట వచ్చేది కాదు. ఆ మాట అంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపు దానంతట అదే చెరిగిపోతుందని మాకు గట్టి నమ్మకం. ఆఫీసులో ఎవరైనా వచ్చి "ఈ టూల్ మీద పనిచేశావా?" అని అడిగితే ముందు "ష్యూర్, నో ప్రాబ్లెమ్" అనేయడం, ఆ తర్వాత సీట్లోకి వచ్చి ఆ టూల్ పేరుకి స్పెల్లింగు వెతుక్కోవడం, శనాదివారాలు పుస్తకం ముందేసుకుని కుస్తీ పట్టడం, సోమవారం పొద్దున్నే పుట్టినప్పటి నుంచీ అదే పని చేస్తున్నవాడిలా మొహం పెట్టుకుని తిరగడం మా అందరి ఉద్యోగధర్మం. (అబద్ధం అనకండి, మనసు నొచ్చుకుంటుంది. కాస్త తొందరపడి ముందే చెప్పేసిన నిజం అనుకోండి.) ఈ పద్ధతిలో నేను మూడు కంప్యూటర్ భాషలు, రెండు డేటాబేసులు నేర్చుకున్నాను. అదే పద్ధతిలో, జన్మలో చుక్క ముట్టని నేను, ఒక అమెరికన్ ఇంట్లో క్రిస్మస్ విందుకి బెల్జియం బీర్లు ఎంపిక చేసే పెద్దమనిషిని కూడా అయ్యాను. ఎలాగో గట్టెక్కాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చెబుతున్నాను గానీ, ఆ పద్దెనిమిది రోజులూ నాకు తిన్న అన్నం అరిగితే ఒట్టు.

అప్పటి మా బాస్‌కి ముక్కు కింద చిన్న చీపురంత మీసాలుండేవి. మా తెలుగు బృందమంతా ఆయన్ని చాటుగా "మీసాలాయన" అనుకునేవాళ్లం. ఆయన మనసు ఎలా ఉందో మొహం చూసి కాదు, మీసం చూసి తెలుసుకోవాలి. సంతోషంగా ఉంటే రెండు కొసలూ పైకి లేచేవి, ప్రాజెక్టు ఆలస్యమైతే పెదవి మీదికి వాలిపోయేవి. నిజానికి చాలా మంచివాడు. కానీ నా గ్రీన్‌కార్డు ఫైలు కదలాలంటే ఆయన ఒప్పుకుని లాయరుకి కాగితాలు పంపాలి. అందుకని ఆయన తుమ్మినా నాకు గుండె దడదడలాడేది. వీసా గడువు చూస్తే దగ్గర పడుతోంది, ఎప్పుడడిగినా ఆయన "జనవరిలో మాట్లాడదాం" అంటాడు. ఇంట్లో మా ఆవిడ ఉంది. కాకినాడ కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పిన మనిషి, నాతోపాటు డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక, వంటింటి కిటికీలో మెంతికూర కుండీల ముందు నిలబడి రోజులు గడుపుతోంది. ఆ ఫైలు కదిలితే తనకీ ఒక దారి దొరుకుతుంది. సాయంత్రం నేను తలుపు తియ్యగానే నా మొహంలోకి ఒకసారి చూసేది. ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం టీమంతా కలిసి లంచ్‌కి వెళ్లాం. ఆ రోజు మీసాలు బాగా వాలి ఉన్నాయి. ఎవరో పలకరిస్తే ఆయన సంగతి చెప్పుకొచ్చాడు. క్రిస్మస్‌కి అత్తగారు వస్తోందట. ఆవిడ పుట్టి పెరిగింది బెల్జియంలో, పెళ్లి చేసుకుని ఈ దేశానికొచ్చి యాభై ఏళ్లు దాటింది. "కిందటేడు భోజనాల దగ్గర ఆవిడకి బీరు పోసిచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అన్నా బావుండేది. ఏడాదిగా అదే గుర్తొస్తోంది" అన్నాడు. ఈ దేశంలో కూడా అల్లుళ్లు అత్తగార్లకి భయపడతారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన మీద ఒక్కసారిగా అభిమానం పొంగింది. ఆ పొంగులో ఉండగానే ఆయన నా వైపు తిరిగి, "నువ్వు బ్రస్సెల్స్‌లో పనిచేశావు కదా! ఈసారి ఒక్కో వంటకానికి ఒక్కో బెల్జియం బీరు పెట్టాలనుకుంటున్నాను. ఏది దేనికి నప్పుతుందో నువ్వు చూడగలవా?" అని అడిగాడు.

"ష్యూర్, నో ప్రాబ్లెమ్" అంది నా నోరు.

నన్నడక్కుండానే అంది. వెంటనే మీసాలు రెండూ పైకి లేచాయి. "నా ప్రాణం లేచొచ్చిందయ్యా! నువ్వూ భోజనానికి రావాలి. మీ ఆవిడనీ, మీ ఇంటికొచ్చిన మీ మామగారినీ కూడా తీసుకురా. నువ్వే పోసి, ఒక్కోదాని గురించీ రెండు ముక్కలు చెప్పాలి" అని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

బ్రస్సెల్స్ సంగతి మీకు చెప్పేస్తాను, మీరు మా బాస్‌కి చెప్పరు కదా. నేనక్కడున్నది పదకొండు వారాలు. ఆ పదకొండు వారాలూ ఊరి నుంచి తీసుకెళ్లిన చారుపొడి, కందిపొడి, ఆవకాయలతో ఒక చిన్న గదిలో కాలక్షేపం చేశాను. శుక్రవారాలు అక్కడి సహోద్యోగులు కెఫేకి లాక్కుపోతే బత్తాయిరసం తాగుతూ కూర్చునేవాణ్ణి. తాగకపోవడానికి గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో ఒకసారి ఎవరో సీసా మూత తీస్తే ఆ వాసనకే వాంతి చేసుకుని, నలుగురిలో పరువు పోగొట్టుకుని, ఆ దారి వదిలేశాను. బెల్జియం బీర్ల గురించి నేను సంపాదించిన జ్ఞానమంతా ఒక్కటే. అక్కడ ఒక్కో బీరుకి ఒక్కో ఆకారం గ్లాసు ఉంటుంది. నా బత్తాయిరసానికి మాత్రం మామూలు గ్లాసే ఇచ్చేవారు.

ఆ శనివారం టోపీ కళ్లదాకా లాక్కుని (మోరిస్‌విల్‌లో ఏ మూలకెళ్లినా మనవాళ్లొకరు తగులుతారు) బీర్లు, వైన్లు అమ్మే పెద్ద దుకాణానికి వెళ్లాను. బెల్జియం వరసే మా ఇంటి హాలంత పొడుగుంది. వాటి మీద మఠాల బొమ్మలు, గాడిదల బొమ్మలు, బొద్దుగా నవ్వుతున్న సన్యాసుల బొమ్మలు. నేను మ్యూజియంలోకొచ్చిన వాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆకుపచ్చ జుట్టున్న ఒక అమ్మాయి వచ్చి ఏం కావాలని అడిగితే, మీసాలాయన మెయిల్‌లో పంపిన వంటకాల జాబితా చూపించాను. ఆ పిల్ల బంగారుతల్లి. ఐదు రకాలు ఏరి, చీటీ మీద వరస కూడా రాసిచ్చింది. మొదట రొయ్యలతో పుల్లటి బీరు, సలాడ్‌తో గోధుమ బీరు, టర్కీకోడితో పల్లెటూరి రైతులు కాచుకునే రకం బీరు, తేనె పూసి కాల్చిన పందిమాంసంతో నల్ల బీరు, చివర చాక్లెట్ కేకుతో చెర్రీపళ్ల బీరు. "నేనూ సరిగ్గా ఇదే అనుకుంటున్నాను" అని తల పంకించాను. (చూశారా, మళ్లీ!) ఒక్కోటి రెండేసి చొప్పున పది సీసాలు కొని, దుప్పటి కప్పి కారులో పడుకోబెట్టి ఇంటికి తెచ్చాను.

దుప్పటి ఎందుకంటే, ఇంట్లో మామగారున్నారు. అత్తగారికి విమానమంటే భయం, రానన్నారు. ఆయనొక్కరే ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఎక్సైజ్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. గోదావరిలో ఆయన అడుగుపెట్టని లంక లేదని, పగలగొట్టని సారా కుండ లేదని మా ఆవిడ గొప్పగా చెబుతుంది. మనిషి సన్నగా ఉంటారు, మెత్తగా మాట్లాడతారు, ఎప్పుడూ గొంతు పెంచరు. కానీ "అల్లుడుగారూ" అని మర్యాదగా పిలిచినప్పుడల్లా నా పేరు మీద ఏదో కేసు రాసుకుంటున్నట్టే ఉండేది నాకు. అలాంటి ఆయన ఉన్న ఇంట్లో పది సీసాలు దాచాలి. బాగా ఆలోచించి, గ్యారేజీలో సోనామసూరి బియ్యం బస్తాల వెనక పేర్చి, ముందు ఖాళీ అట్టపెట్టెలు అడ్డం పెట్టాను. నా తెలివికి నేనే భుజం తట్టుకున్నాను. ఆయన చలికి బయట నడవలేక రోజూ పొద్దున గ్యారేజీలో కారు చుట్టూ వంద ప్రదక్షిణాలు చేస్తారన్న విషయం మాత్రం నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే పిలుపొచ్చింది. "అల్లుడుగారూ, ఓసారి ఇలా వస్తారాండి."

వెళ్లేసరికి పది సీసాలూ పొట్టివి ముందు, పొడుగువి వెనక, బడిపిల్లల్లా గోడవార నిలబడి ఉన్నాయి. పక్కన మామగారు మఫ్లర్ చుట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లజోడు సర్దుకుంటూ ఒక సీసా మీది అక్షరాలు చదువుతున్నారు.

"సరుకు దాచేవాడు బియ్యం బస్తా వెనకే దాస్తాడండి" అన్నారు తలెత్తకుండానే. "నా సర్వీసులో ఇంకోచోట దాచినవాణ్ణి నేను చూళ్లేదు. చదువుకున్నవారు, మీరైనా కొత్త చోటు చూస్తారనుకున్నాను."

అక్కడే కారు బంపరు మీద కూలబడి లంచ్ దగ్గర్నుంచి ఆకుపచ్చ జుట్టు దాకా, మీసాల దగ్గర్నుంచి గ్రీన్‌కార్డు ఫైలు దాకా అన్నీ కక్కేశాను. అంతా అయ్యాక, "మీరు తాగరని నాకు తెలుసండి" అన్నారు.

"మీకెలా తెలుసు మామయ్యగారూ?"

"సంబంధం ఖాయం చేసుకునే ముందు మా డిపార్ట్‌మెంట్ కానిస్టేబుళ్లు ఇద్దరు మీ వెనకాల నెల్లాళ్లు తిరిగారండి. కిళ్లీకొట్టు దగ్గర నిమ్మసోడా తాగుతారు, అదీ ఉప్పు వేయించుకుని, అని రిపోర్టు ఇచ్చారు."

నా పెళ్లికి ముందు నా మీద నిఘా ఉందన్న సంగతి పెళ్లైన మూడేళ్లకి గ్యారేజీలో తెలిసింది. కోపం రావలసింది. రాలేదు. ఇంత పెద్ద మనిషి నన్ను నమ్మాడన్న హాయి ముందు అది ఎక్కడికో పోయింది. "ఇప్పుడెళ్లి ఆయనతో నాకు రాదని చెప్పగలరా?" అని అడిగారు. చెప్పలేనన్నాను. ఆయన వంటింటి తలుపు వైపు చూశారు. లోపల మా ఆవిడ ఉప్మాకి పోపు పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అది పాఠం చెబుతుంటే కాలేజీ వరండాలో నిలబడి విన్నానండి ఓసారి. దానికి తెలీదు. దానికోసమైనా మీ పని చెడకూడదు. భోజనాలయ్యాక ఒక్కోటి మూత తియ్యండి. మీరు తాగక్కర్లేదు, నేనూ తాగను. వాసన చూస్తే చాలు" అన్నారు.

మా ఆవిడకీ సంగతంతా చెప్పేశాక, ఆ ఆదివారం మధ్యాహ్నం మా వంటింట్లో జరిగిన సమావేశం తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. జన్మలో బీరు రుచి చూడని ముగ్గురు మనుషులు, ఐదు స్టీలు గ్లాసుల్లో ఐదు రంగుల బీరు పోసుకుని చుట్టూ కూర్చున్నాం. మామగారు ఒక్కో గ్లాసూ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఊపిరి బిగబట్టి అప్పుడు చెప్పేవారు. ఏ లంకలో కాచిన సారాయో వాసన పట్టి చెప్పిన ముక్కు అది. గోధుమ బీరు వాసన చూసి, "ఇందులో ధనియాలున్నాయండి. నారింజతొక్క కూడా వేశాడు" అన్నారు. మా ఆవిడ నమ్మక, పోపులడబ్బా తెచ్చి ధనియాలు నలిపి ఒకసారి, గ్లాసు ఒకసారి వాసన చూసి, "నిజమే నాన్నా! చారులో వేసినట్టే వేశారు" అని ఆశ్చర్యపోయింది. (తర్వాత వెతికి చూస్తే నిజంగానే వేస్తారట.) రైతుల బీరులో మిరియాల ఘాటు, ఎండుగడ్డి, నల్లదాంట్లో ఖర్జూరం, ముదురు బెల్లంపాకం, చెర్రీదాంట్లో మాగిన రేగిపళ్లు. ఐదోది పుల్లటిది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆయన మొహం విచ్చుకుంది. "ఇది తరవాణి కదండీ!" అన్నారు. మా అమ్మమ్మ వాళ్లింట్లో గంజినీళ్లు కుండలో రోజుల తరబడి పులియబెట్టి, ఎండాకాలం పొద్దున్నే అన్నంలో పోసుకుని తినేవారు, అదీ తరవాణి. నేనూ వాసన చూశాను. అచ్చం అదే. హాస్టల్ రోజుల తర్వాత మొదటిసారి, ఒక బీరు వాసనకి నాకు కడుపులో తిప్పలేదు.

పొరపాటు జరిగింది ఆ తర్వాత. చీటీలో వరస చూసి మామగారు నొసలు ముడిచారు. "ఈ పిల్ల తలకిందులుగా రాసిందండి. పండగపూట పులుపుతో మొదలెట్టి తీపితో ముగిస్తారా ఎవరైనా?" మా ఆవిడా అదే అంది. శుభమా అని మొదట తీపి వడ్డించాలి, ఆఖర్న పెరుగో మజ్జిగో పడితేనే భోజనం అయినట్టు. నాకూ అది నూటికి నూరుపాళ్లు సబబుగా తోచింది. ఆ పిల్లకి అనుభవం తక్కువ, జుట్టుకి రంగు వేసుకునే హడావిడిలో తారుమారు చేసుంటుంది అని ముగ్గురం తీర్మానించి, చీటీలో మొదటిదాన్నీ చివరిదాన్నీ కొట్టేసి ఒకదాని స్థానంలో ఒకటి రాసుకున్నాం. గ్లాసుల్లో మిగిలిందంతా సింకులో పోసి, అగరొత్తులు వెలిగించి, కిటికీలు తెరిచి గంటసేపు చలికి వణికాం.

అమెరికన్ల పండగ భోజనం మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. అది పగటి భోజనమో రాత్రి భోజనమో నాకింతవరకు తెలియలేదు. క్రిస్మస్ నాడు మీసాలాయన ఇంటికి బయల్దేరాం. మామగారు సూటు మీద మఫ్లర్, మా ఆవిడ పట్టుచీర మీద కోటు, నా చేతుల్లో మిగిలిన ఐదు సీసాల పెట్టె. మేం ముగ్గురం శాకాహారులం కాబట్టి మా ఆవిడ ఒక గిన్నెడు పులిహోర కూడా కలిపి తెచ్చింది. బల్ల చివర మీసాలాయన అత్తగారు, ఆ పెద్దావిడ, కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, నిటారైన వెన్ను, ఎవరినైనా ఒకసారి చూస్తే లోపలి దాకా చూసే నీలం కళ్లు. ఆవిడకి ఎదురుగా మా మామగారిని కూర్చోబెట్టారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకే శాఖలో పనిచేసిన అధికారుల్లా తలలు వంచుకున్నారు.

రొయ్యలు వచ్చాయి. నేను చెర్రీ బీరు పోశాను. ఎర్రగా, గులాబీ నురగతో బ్రహ్మాండంగా ఉంది. పెద్దావిడ గ్లాసెత్తి ఒక్క గుక్క తాగింది. గ్లాసు కింద పెట్టింది. పక్కకి జరిపింది. ఒక్క మాట అనలేదు.

బల్ల అవతల మీసాలు నెమ్మదిగా కిందికి దిగడం నా కళ్లతో చూశాను. జనవరి, ఫైలు, మెంతికూర కుండీలు అన్నీ నా ముందు గిర్రున తిరిగాయి. మీసాలాయన నా వైపు తిరిగి, "దీని గురించి చెప్పు" అన్నాడు. నేను బట్టీపట్టిందంతా ఆవిరైపోయింది. "బ్రస్సెల్స్‌లో ఇది చాలా... అంటే..." అన్నాను. పెద్దావిడ నా వైపు తిరిగి, "బ్రస్సెల్స్‌లో ఎక్కడ తాగావు నాయనా ఇది?" అని అడిగింది.

"ఊరి మధ్యలో ఒక కెఫేలో. చర్చి పక్కన."

"ఏ చర్చి?"

మా ఆవిడ కేసి చూశాను. ఆవిడ నా కేసే చూస్తోంది. ఇంటికెళ్లగానే ఆ కళ్లలోకి ఎలా చూడాలో తోచక, ఇంకో చర్చి కట్టే ఓపిక లేక, "నాకు తెలియదండీ" అనేశాను. "బ్రస్సెల్స్‌లో నేను బత్తాయిరసం తాగాను. ఇదే కాదు, ఏ బీరూ నేనెప్పుడూ తాగలేదు. వచ్చని చెప్పాను, రాదు."

అప్పుడు మామగారు కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డారు. కోర్టులో సాక్ష్యం చెప్పే అలవాటున్న మనిషి. "మేడమ్, విత్ యువర్ కైండ్ పర్మిషన్" అని మొదలుపెట్టి, తన నిదానమైన ఇంగ్లీషులో, తాను ఎక్సైజ్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశానని, తానూ ఒక్క చుక్క తాగలేదని, వాసన మాత్రం చూశానని, అల్లుడు తప్పు ఒప్పుకున్నాడని, చీటీలో వరస మార్పించింది తనే కాబట్టి సగం బాధ్యత తనదని, మా వైపు విందులు తీపితో మొదలై పుల్లమజ్జిగతో ముగుస్తాయని వివరించారు. పెద్దావిడ అంతా విని, "ముప్పై మూడేళ్లు వాసన చూశావా? అయితే ఇదేమిటో చెప్పు" అని, తాను పక్కకి జరిపిన గ్లాసు ఆయన ముందుకి తోసింది.

మామగారు కళ్లు మూసుకుని వాసన చూశారు. నొసలు ముడిచారు. మళ్లీ చూశారు. "మేడమ్, మా సీసాలో లేనిది ఒకటి ఇందులో ఉంది. నిమ్మకాయ. సీసాల్లో ఎక్కడా నిమ్మకాయ లేదు. ఇది గిన్నెలు తోమే సబ్బు."

పెద్దావిడ అరచేత్తో బల్ల మీద చరిచింది. "సబ్బే! నేనూ అదే అనుకున్నాను! కిందటేడు కూడా అదే సబ్బు!" అని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. పండగ గ్లాసులు మీసాలాయనే స్వయంగా తోముతాడట, బోలెడంత సబ్బు వేసి, నీళ్లు పిసినారిగా వాడి. కూతురి ఇంట్లో అల్లుణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక ఆవిడ నోరు మూసుకుని ఊరుకుందట. "అయితే బీరు బాగాలేక కాదా?" అని మీసాలాయన నోరు వెళ్లబెట్టాడు. ఏడాది బరువు ఆ మనిషి భుజాల మీద నుంచి దిగడం అందరికీ కనిపించింది. గ్లాసులన్నీ మోసుకెళ్లి వేణ్నీళ్లతో కడిగి తెచ్చాడు. పెద్దావిడ చెర్రీ బీరు మళ్లీ తాగి చూసి, "రొయ్యలకి ఇది అస్సలు నప్పదు. కానీ మీ ఇళ్లల్లో ఇలా మొదలుపెడతారంటే కాదనను, మిగతావి కూడా మీ వరసలోనే పోయండి" అంది. పోశాను. ధనియాల బీరుతో ఆవిడ సలాడ్ పక్కకి నెట్టి మా ఆవిడ పులిహోర తిన్నది, రెండుసార్లు పెట్టించుకుని. ఆ పూటకి అన్నిటికంటే బాగా కుదిరిన జత అదేనని ఆవిడే తీర్పు చెప్పింది. (ఇంగువ గురించి అడిగితే మా ఆవిడ బోటనీ పాఠం చెప్పేసింది, మొక్క వేరు దగ్గర్నుంచి. ఎన్నాళ్లకో ఆ గొంతు విన్నాను.)

చివర కేకు తినడం అయ్యాక పుల్లది పోశాను. పెద్దావిడ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయింది. నాకు మళ్లీ భయమేసింది. "మా తాత ఆదివారం భోజనాలయ్యాక ఇది తాగేవాడు" అంది చివరికి. "కడుపు చల్లబడుతుందనేవాడు. ఈ దేశంలో అందరూ దీన్ని మొదటే ఇస్తారు. చివర ఇచ్చింది మీరే." ఆవిడ కళ్లు తడిశాయి. మామగారు బల్ల మీదుగా కాస్త ముందుకి వంగి, తరవాణి అంటే ఏమిటో, గంజి ఎన్నాళ్లు పులియాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ శ్రద్ధగా తల ఊపుతూ విన్నది.

వాళ్లనలా వదిలేసి నేను వంటింట్లోకి వెళ్లాను. మీసాలాయన గ్లాసులు కడుగుతున్నాడు, ఈసారి సబ్బు చుక్క వేసి, నీళ్లు ధారాళంగా పోసి. నేను తువ్వాలు తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. ఏమంటాడో అని చెవులు రిక్కించుకుని ఉన్నాను.

"నీకు రాదని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"జనవరిలో నా ఫైలు సంగతి మాట్లాడతానన్నారు కదా. మీకు కోపం వస్తే..."

ఆయన కుళాయి కట్టేసి నా వైపు తిరిగాడు. "ఆ ఫైలా? ఆ కాగితాలు నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండక్కి ముందే లాయరుకి పంపేశానే! జనవరిలో లాయరు నీతో మాట్లాడుతుంది. నీకు చెప్పలేదా నేను?" అని, నా మొహం చూసి, "అయ్యో, చెప్పలేదు కదూ" అన్నాడు. ఆ తర్వాత మీసాలు రెండూ వణికేటంత నవ్వాడు.

అంటే ఆ లంచ్ రోజుకే నా పని అయిపోయింది. దుకాణం, టోపీ, దుప్పటి, బియ్యం బస్తాలు, చర్చి, వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ముందు ఒళ్లంతా తేలికైపోయింది. ఆ వెంటనే ఒళ్లు మండింది, పద్దెనిమిది రోజుల నిద్ర ఎవరిస్తారని. ఆ తర్వాత నాకూ నవ్వొచ్చింది, నవ్వుతో పాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. తలుపులోంచి చూస్తే హాల్లో మా ఆవిడ బీరు సీసా మీద గోధుమ కంకి బొమ్మ చూపించి ఎవరికో ఏదో చెబుతోంది. పిలిచి చెప్పాలనుకున్నాను. ఈలోగా తను నా వైపు తిరిగింది, రోజూ సాయంత్రం చూసినట్టే నా మొహంలోకి చూసింది. నేను తలూపాను. అంతే. తను చెప్తున్న మాట మధ్యలో ఆపేసి, పక్కనున్న కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఇన్నేళ్ల తర్వాత అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే జాలేస్తుంది, ముచ్చటేస్తుంది. ఒక్కమాట అడిగి ఉంటే తేలిపోయేదానికి అంత హైరానా పడ్డాడు. ఇప్పుడు నేనంత భయపడను. అంత భయపడితే తప్ప రాని ఆ హాయి కూడా, నిజం చెప్పొద్దూ, మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాడింకా అక్కడే ఆ వంటింట్లో నిలబడి ఉన్నాడనిపిస్తుంది నాకు, తడి తువ్వాలు చేత్తో పట్టుకుని, ఎప్పుడో ఆరిపోయిన గ్లాసునే మళ్లీ మళ్లీ తుడుస్తూ, హాల్లో కుర్చీలో కూర్చున్న తన భార్యని చూసుకుంటూ.